చిన్న యంత్రములకు భాషను కూర్చిన ఉపాధ్యాయుడు: గ్యారీ కిల్డాల్



మీలో అనేకులు ఈ దినములలో అరచేతిలో ఇమిడెడి ఎలక్ట్రానిక్ పలకలను తెచ్చి, వానితో దీపములు వెలిగించుచు, మొక్కలకు నీరు పెట్టు చిన్న మోటారులను నడుపుచు, వైజ్ఞానిక ప్రదర్శనములలో బల్లలపై నిలుపుచున్నారు. ఆ పలక నడుమనున్న నల్లని చిన్న బిళ్లయే మైక్రోకంట్రోలరు. దానికి పని చెప్పుటకు ఏ భాష తగినది, ఏ కంపైలరు మేలైనది అని మీలో మీరు వాదించుకొనుట మేము పలుమారు వినియున్నాము. ఒకడు సి భాషయే శ్రేష్ఠమనును. వేరొకడు పైథాను సులభమనును. మరియొకడు యంత్రపు సొంత సంకేతములలో వ్రాసిననేగాని స్థలము చాలదనును. వాదము ముగియకమునుపే గంట మ్రోగును.

ఈ వాదము నేటిది కాదు. ఏబది యేండ్లకు పూర్వము, ఇట్టి చిన్న యంత్రములు క్రొత్తగా పుట్టినప్పుడే, ఇదే ప్రశ్న ఒక యువకోపాధ్యాయుని మనస్సున మెదలెను. ఆయన దానికి మాటలతోగాక చేతలతో సమాధానము చెప్పెను. ఆ సమాధానపు ఫలమును మనమందరమును నేటికిని అనుభవించుచున్నాము. అయినను లోకము ఆయనను తలచినపుడెల్ల ఆయన సాధించినదానినిగాక పోగొట్టుకొన్నదానినే ముందుగా చెప్పుకొనును. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. కావున ఈ సంవత్సరపు సంచికలో గ్యారీ కిల్డాల్ గారి జీవితమును మీకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

బాల్యము, విద్య

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ 1942వ సంవత్సరము మే నెల 19వ తేదీన అమెరికా దేశమున వాషింగ్టను రాష్ట్రమునందలి సియాటిలు పట్టణమున జన్మించెను. సియాటిలు గొప్ప ఓడరేవు. కిల్డాలు పూర్వులు నార్వే దేశపు సంతతివారు. నావికులకు ఓడ నడుపు విద్యను బోధించు పాఠశాల ఒకటి తాతగారి కాలమునుండి ఆ కుటుంబమున నడచుచుండెను. నడిసముద్రమున మైలురాళ్లు లేవు. సూర్యునియొక్కయు నక్షత్రములయొక్కయు ఎత్తును కొలిచి, త్రికోణమితి లెక్కలు వేసి, ఓడ ఎచ్చట నున్నదో తెలిసికొనవలెను. ఆ లెక్కలో ఒక అంకె తప్పినయెడల ఓడ రాళ్లపాలగును. ఇట్టి లెక్కల నడుమ కిల్డాలు పెరిగెను. యౌవనమున తానును ఆ పాఠశాలలో బోధించెను.

బాల్యమున ఆయనకు పుస్తకములకంటె యంత్రములను విప్పి బిగించుటయందే మక్కువ మెండు. గణితోపాధ్యాయుడు కావలెనను ఉద్దేశముతో వాషింగ్టను విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట కంప్యూటరును చూచిన నాటినుండి ఆయన మనస్సు దానియందే లగ్నమయ్యెను. తన కుటుంబమువారు మిక్కిలి శ్రమతో చేయుచుండిన ఆటుపోట్ల పట్టికల లెక్కను కంప్యూటరుచేత చేయించుటకు ఫోర్ట్రాను భాషలో ప్రోగ్రాము వ్రాసెను. చేతితో ఎన్నియో దినములు పట్టెడి పని యంత్రము చేయుట చూచి, ఉపాధ్యాయుడగుట మానకుండగనే ఈ క్రొత్త విద్యను కూడ పట్టుకొనవలెనని నిశ్చయించుకొనెను.

నౌకాదళ కళాశాలలో బోధన

ఆ కాలమున వియత్నాము యుద్ధము జరుగుచుండెను. అమెరికా యువకులు సైనికసేవ చేయక తప్పదు. కిల్డాలునకు ఆ విధి బోధనరూపమున ప్రాప్తించెను. కాలిఫోర్నియా రాష్ట్రమున మాంటెరీ అను సముద్రతీరపు పట్టణములో నౌకాదళమువారి ఉన్నత కళాశాల కలదు. అచ్చట అధికారులకు కంప్యూటరు విద్యను బోధించుటకు ఆయన నియమింపబడెను. ఆ పట్టణమును ఆ ఉద్యోగమును ఆయనకు ఎంతగానో నచ్చెను. సేవాకాలము ముగిసిన పిమ్మట, 1972లో వాషింగ్టను విశ్వవిద్యాలయమునందు డాక్టరు పట్టమును పొందియు, మరల ఆ కళాశాలకే వచ్చి బోధన సాగించెను. ఇల్లాలు డొరొతీ మెక్యువను ఆయనతో ఉన్నత పాఠశాల దినములనుండి పరిచయము గలది. ఆయన పనికి ఆమె ఎంత ఆధారమయ్యెనో ముందు చెప్పెదము.

చిన్న యంత్రము పుట్టుట

1971వ సంవత్సరము నవంబరు నెలలో ఇంటెలు అను కంపెనీవారు 4004 అను పేరుగల మైక్రోప్రాసెసరును ప్రకటించిరి. అంతకుపూర్వము అనేక కంప్యూటరులు ఒక గదినంతయు ఆక్రమించునవి, లక్షల డాలరులు విలువ చేయునవి. ఈ 4004 వ్రేలిగోటియంత సిలికాను బిళ్లపై 2,300 ట్రాన్సిస్టరులతో కట్టబడెను. వెల 25 డాలరులని ప్రకటనలలో వ్రాసిరి. ఇంటెలువారు దీనిని లెక్కల యంత్రములకును, తక్కెడలకును, రహదారి దీపములకును పనికివచ్చు చిన్న భాగమని తలంచిరి. కిల్డాలు మాత్రము ఇది కంప్యూటరే అని గ్రహించెను. ఓడల లెక్కలు చేయు చిన్న యంత్రమొకటి ఉండవలెనని ఆయన ఇంట పూర్వమునుండి ఒక కోరిక యుండెను. ఆ కోరిక ఇట్లు తీరునేమోయని ఆయన ఆశపడెను.

కాని యంత్రము మిక్కిలి బీదది. ఒక్కమారునకు 4 బిట్ల అంకెనుమాత్రమే తీసికొనగలదు. ప్రోగ్రామునకు గరిష్ఠముగా 4,096 బైట్లును, లెక్కల విలువలు దాచుకొనుటకు 640 బైట్లును మాత్రమే స్థలము. సైను, కొసైను మొదలగు త్రికోణమితి విలువలను ఇంత ఇరుకైన స్థలమున సాధించుట ఎట్లు? అదియునుగాక, ప్రోగ్రాము వ్రాసి పరీక్షించుటకు తగిన సాధనములును లేవు. అప్పుడు కిల్డాలు ఒక యుక్తి పన్నెను. కళాశాలలో పెద్ద ఐ.బి.ఎం. కంప్యూటరు ఉండెను. ఆ పెద్ద యంత్రము తాను 4004 అయినట్లు నటించునట్లు ఒక ప్రోగ్రాము వ్రాసెను. దీనినే సిమ్యులేటరందురు. చిన్న యంత్రమునకై వ్రాసిన ప్రోగ్రామును పెద్ద యంత్రముపై నడిపి, తప్పులను దిద్దుకొనుటకు ఇది ఉపకరించెను. ఇంటెలువారు దానిని చూచి సంతోషించి, ఆయనకు యంత్రసామగ్రిని ఇచ్చిరి. అప్పటినుండి వారమునకు ఒక దినము ఆయన ఆ కంపెనీకి సలహాదారుగా పని చేయుచు వచ్చెను.

కంపైలరు విద్యలో ఆయన కృషి

ఇచ్చట కంపైలరు అననేమో చిన్నవారికొరకు చెప్పవలసియున్నది. యంత్రమునకు తెలిసినవి అంకెలు మాత్రమే. ఈ గడిలోనిది ఆ గడిలో వేయుము, రెండింటిని కూడుము, సున్నయైనయెడల ఫలానా చోటికి పొమ్ము అను ఆజ్ఞలు ఆ అంకెలకు అర్థములు. ఆ అంకెలకు పొట్టి పేరులు పెట్టి వ్రాయుట అసెంబ్లీ భాష. మనుష్యులు గణితమున వ్రాసికొను విధముగా సూత్రములను వాక్యములను వ్రాయుట ఉన్నత శ్రేణి భాష. ఆ ఉన్నత భాషను యంత్రపు అంకెలలోనికి మార్చి వ్రాయు ప్రోగ్రాము కంపైలరు. అది మంచి దుబాసి వంటిది. అర్థము చెడకుండుటయే చాలదు. మాటలును తక్కువగా నుండవలెను. దుబాసి ఒక మాటకు పది మాటలు చెప్పినయెడల సభలో కాలము వ్యర్థమగును. చిన్న యంత్రమున స్థలమే వ్యర్థమగును.

కిల్డాలు డాక్టరు పట్టమునకై చేసిన పరిశోధన సరిగా ఈ విషయముపైననే. 1973లో బోస్టను నగరమున జరిగిన పండిత సభలో ఆయన దానిని ప్రకటించెను. కంపైలరు విద్య చదువువారు నేటికిని దానిని కిల్డాలు పద్ధతి అని ఆయన పేరుతోనే చదువుచున్నారు. దాని సారమును ఒక ఉపమానముచే తెలుపుదుము.

ప్రోగ్రామును ఒక సీమలోని దారుల పటముగా భావింపుడు. ఒక కూడలికి రెండు దారులు వచ్చి కలియుచున్నవి. మొదటి దారిన వచ్చు బాటసారి సంచిలో 3 రూపాయలును 5 పండ్లును కలవు. రెండవ దారిన వచ్చు బాటసారి సంచిలో 3 రూపాయలును 7 పండ్లును కలవు. కూడలిలో నిలిచిన కావలివాడు రాబోవు బాటసారిని చూడకయే ఏమి చెప్పగలడు? వచ్చువాడెవడైనను వానియొద్ద 3 రూపాయలున్నవని నిశ్చయముగా చెప్పగలడు. పండ్లనుగూర్చి ఏమియు చెప్పలేడు. ఇట్లే ప్రతి కూడలియందును అన్ని దారులకును ఉమ్మడియైన సత్యమును మాత్రము నిలుపుకొని, సందేహమున్నదానిని విడిచిపెట్టుచు, ఇక మార్పేమియు కలుగని వరకు పటమంతయు మరల మరల తిరుగవలెను. తుదకు మిగిలినది నమ్మదగినది. అచ్చట 3కి 4ను కూడుమను ఆజ్ఞ యున్నయెడల, కంపైలరు ముందే 7 అని వ్రాసివేయును. యంత్రము ఆ కూడిక చేయనక్కరలేదు. ఒకమారు చేసిన లెక్కనే మరల చేయుమను ఆజ్ఞయున్నయెడల దానిని తీసివేయును. ఈ విధముగా బైటు వెంట బైటు మిగులును. పెద్ద యంత్రములకు ఇది సౌకర్యము. చిన్న యంత్రములకు ఇది ప్రాణాధారము.

పి.ఎల్./ఎం. భాష

1972లో ఇంటెలువారు 8008 అను 8 బిట్ల ప్రాసెసరును విడుదల చేసిరి. దానికి గరిష్ఠముగా 16,384 బైట్ల స్థలము చూపవచ్చును. ఆంగ్లములో వ్రాసినచో అది మన పత్రికలో కొలది పుటలకు సరిపడునంతయే. దానికి ప్రోగ్రాములు వ్రాయువారందరు అసెంబ్లీ భాషలోనే వ్రాయుచుండిరి. వ్రాసినది చిన్న చిప్పులలో ఎక్కించి పరీక్షించుచుండిరి. ఆనాటి అట్టి చిప్పు ఒకదానిలో 256 బైట్లు పట్టును. తప్పు దొరికినయెడల దాని గాజుకిటికీపై అతినీలలోహిత కాంతిని కొన్ని నిమిషములు ప్రసరింపజేసి తుడిచి, మరల వ్రాయవలెను. ఒక చిన్న తప్పునకు ఒక పూట పోవుచుండెను.

కిల్డాలు ఇంటెలువారికి ఒక సలహా చెప్పెను. ఈ చిన్న యంత్రములకును ఒక ఉన్నత శ్రేణి భాష కావలెననియు, దానిని తాను నిర్మింతుననియు తెలిపెను. ఉన్నత భాషలు పెద్ద యంత్రముల సొత్తు అనియు, బిళ్లవంటి యంత్రమున అవి ఇముడవనియు తలచువారు ఆనాడు చాలమంది. అయినను ఇంటెలువారు ఒప్పుకొనిరి. 1973లో పి.ఎల్./ఎం. అను భాష వెలువడెను. మైక్రోకంప్యూటరుల కొరకైన ప్రోగ్రాము భాష అని దాని పేరునకు అర్థము.

ఈ భాషను కూర్చుటలో ఆయన చూపిన వివేకమును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. ఆయన యెదుట పి.ఎల్./ఐ., ఆల్గాలు, ఎక్స్.పి.ఎల్. మొదలగు భాషలుండెను. వానిలో పి.ఎల్./ఐ. మహావృక్షము వంటిది, దానియందు లేని సౌకర్యము లేదు. దానినంతటిని చిన్న యంత్రమునకు తగిలించినయెడల యంత్రము కుంగిపోవును. కావున ఆయన యంత్రమును చూచి భాషను కత్తిరించెను. విలువలకు రెండు జాతులు మాత్రమే ఉంచెను. 0 నుండి 255 వరకు గల అంకెకు బైటు అనియు, 0 నుండి 65,535 వరకు గల అంకెకు అడ్రసు అనియు పేరు. దశాంశ సంఖ్యలను విడిచెను. ఏలయన ప్రాసెసరునకు అవి తెలియవు. ఏ విలువకు ఏ గడి ఇయ్యవలెనో కంపైలరు ముందుగనే నిర్ణయించును. యంత్రమునకు తగిలించిన మీటలను దీపములను నేరుగా చదువుటకును నడుపుటకును మాటలుంచెను. భాషను మిక్కిలి చిన్నదిగా ఉంచెను. అయినను వాక్యములు చదువుటకు తేటగా నుండెను.

రెండవ వివేకము ఇంతకంటెను గొప్పది. భాష చిన్న యంత్రమునకైనను, కంపైలరు చిన్న యంత్రముపై నడువవలెనను నియమమేమియు లేదు. ఆయన కంపైలరును ఫోర్ట్రాను భాషలో వ్రాసెను. అది పెద్ద కంప్యూటరుపై నడచి, చిన్న యంత్రమునకు కావలసిన అంకెలను తయారుచేయును. ఆ అంకెలను చిప్పులో ఎక్కించిన చాలును. ఆలోచించు పని విశాలమైన చోట, చేయు పని ఇరుకైన చోట జరుగును. ఇట్టిదానిని క్రాస్ కంపైలరందురు. ఫోర్ట్రాను ఆనాడు అన్ని పెద్ద యంత్రములపై నుండెను గనుక, ఏ కంపెనీవారైనను ఆ కంపైలరును తమయొద్దనున్న యంత్రముపై నడుపుకొనగలిగిరి.

లాభమేమని మీరడుగవచ్చును. నిపుణుడు అసెంబ్లీలో వ్రాసిన ప్రోగ్రాము కంపైలరు వ్రాసినదానికంటె కొంత చిన్నదిగానే యుండును. కాని ఉన్నత భాషలో వ్రాసినది త్వరగా ముగియును, తప్పులు తక్కువ, ఇతరులు చదివి దిద్దవచ్చును. మరియు 1974లో 8080 అను క్రొత్త ప్రాసెసరు వచ్చినప్పుడు, అసెంబ్లీలో వ్రాసినవారు తమ పనినంతయు పరిశీలించుకొనవలసి వచ్చెను. పి.ఎల్./ఎం. లో వ్రాసినవారు మాత్రము క్రొత్త కంపైలరుతో మరల మార్పించుకొని ముందునకు సాగిరి. ఇంటెలువారు ఈ భాషను పిమ్మట 8086 ప్రాసెసరునకును, 1980లో వచ్చిన 8051 అను మైక్రోకంట్రోలరునకును విస్తరింపజేసిరి. ఆ 8051 లోపల విలువలు దాచుకొనుటకు 128 బైట్లు మాత్రమే కలవు. అంతటి బీదయంత్రమునకు కూడ ఉన్నత భాష సాధ్యమని లోకము చూచెను.

సి.పి./ఎం.

8080తో కూడిన అభివృద్ధి యంత్రమొకటి ఇంటెలువారు కిల్డాలునకు ఇచ్చిరి. తన కంపైలరు దూరముననున్న పెద్ద యంత్రముపైగాక తన బల్లమీదనే నడువవలెనని ఆయన కోరెను. దానికి ఫ్లాపీ డిస్కు కావలెను. డిస్కు దొరకినను దానిని యంత్రముతో కలుపు పలక లేకపోయెను. విశ్వవిద్యాలయమునాటి మిత్రుడు జాన్ టొరోడి దానిని నిర్మించి యిచ్చెను. డిస్కుపై దస్త్రములను వ్రాయుటకును చదువుటకును కిల్డాలు 1974లో వ్రాసిన ప్రోగ్రామే సి.పి./ఎం. అను ఆపరేటింగు సిస్టము. దానిలో అధిక భాగము తన సొంత పి.ఎల్./ఎం. భాషలోనే వ్రాసెను. ఇంటెలువారికి భాషయందున్న ఆసక్తి దీనియందు కలుగలేదు. కావున కిల్డాలును డొరొతీయును తమ కంపెనీని స్థాపించి దానిని అమ్మసాగిరి. అదియే డిజిటల్ రీసెర్చి. పసిఫిక్ గ్రోవ్ అను చిన్న ఊరిలో ఒక పాత ఇంట అది నడచెను. వ్యాపారపు భారమును డొరొతీ వహించెను. యంత్రపు భారమును భర్త వహించెను.

సి.పి./ఎం. నందు ఆయన చేసిన ముఖ్యమైన పని, యంత్రమునుబట్టి మారెడి భాగమును వేరుచేసి బి.ఐ.ఓ.ఎస్. అని పేరిడుట. క్రొత్త కంపెనీవారు క్రొత్త యంత్రము కట్టినపుడు ఆ చిన్న భాగమును మాత్రము తిరుగ వ్రాసికొన్న చాలును. తక్కినది యథాతథముగా పనిచేయును. ఇందుచేత అది ఎన్నియో కంపెనీల యంత్రములపై వ్యాపించెను.

ఇచ్చట ఒక విషయము చెప్పక విడువరాదు. పిమ్మటి సంచికలలో సి.పి./ఎం. ముఖ్యభాగమును అసెంబ్లీ భాషలో తిరిగి వ్రాసిరి. అది ప్రతి యంత్రములోను ఎల్లప్పుడు నిలిచియుండు భాగము. అది ఆక్రమించు ప్రతి బైటును వాడుకరి ప్రోగ్రామునకు తగ్గును. కావున అచ్చట చిన్నదనమే ప్రధానము. అవసరమైనపుడు మాత్రము పిలువబడు పనిముట్లను పి.ఎల్./ఎం. లోనే ఉంచిరి. భాషను పుట్టించినవాడే, దానికి తగని చోట దానిని ప్రక్కకు పెట్టెను. తాను చేసినదానిపై మమకారమున్నను దానికి దాసుడు కాలేదు. పట్టుదలతో వాదించు మన పిల్లలకు ఇది తలచుకొనదగిన సంగతి.

జారిపోయిన అవకాశము

1980లో ఐ.బి.ఎం. కంపెనీవారు తాము నిర్మింపనున్న వ్యక్తిగత కంప్యూటరునకు ఆపరేటింగు సిస్టము కావలసి పసిఫిక్ గ్రోవునకు వచ్చిరి. ఆ ఉదయము కిల్డాలు తన విమానములో వేరొక వ్యాపారకార్యముపై వెళ్లియుండెను. ఐ.బి.ఎం. వారు ముందుగా ఒక రహస్యపత్రముపై సంతకము కోరిరి. డొరొతీ ఆ షరతులకు వెంటనే ఒప్పుకొనలేదు. ఆ దినమున జరిగినదానిని ఇరుపక్షములవారు భిన్నముగా చెప్పిరి. తుదకు ఒప్పందము కుదరలేదు. ఐ.బి.ఎం. వారు మైక్రోసాఫ్టు కంపెనీని ఆశ్రయించిరి. ఆ కంపెనీవారు టిమ్ ప్యాటర్సన్ వ్రాసిన 86-డాస్ అను సిస్టమును కొని సిద్ధపరచి యిచ్చిరి. దాని ఆజ్ఞల ఏర్పాటు సి.పి./ఎం.ను పోలియుండెను. కిల్డాలు అభ్యంతరము చెప్పగా, ఐ.బి.ఎం. వారు సి.పి./ఎం.-86ను కూడ అమ్ముటకు ఒప్పుకొనిరి. కాని దాని వెలను 240 డాలరులుగాను, రెండవదాని వెలను 40 డాలరులుగాను నిర్ణయించిరి. కొనువారు దేనిని కొనిరో చెప్పనక్కరలేదు.

నాటినుండి లోకులు కిల్డాలు షికారుకు విమానమెక్కి అదృష్టమును పోగొట్టుకొనెనని కథ అల్లిరి. ఆయన వెళ్లినది వ్యాపారకార్యముపై, విహారమునకు కాదు. ఆ కథ ఆయనను జీవితాంతము వెంటాడెను, మిక్కిలి బాధించెను.

తరువాతి కృషియు, మరణమును

ఆయన పని ఆ దినముతో ఆగలేదు. పి.ఎల్./ఐ. వంటి పెద్ద భాషను చిన్న కంప్యూటరుపై నడుపు కంపైలరును నిర్మించి 1980లో వెలువరించెను. పిల్లలకు ప్రోగ్రాము విద్య నేర్పుటకు బేసిక్ కంటె లోగో భాష మేలని నమ్మి, దానికి తగిన సాధనమును తయారుచేసెను. 1983 నుండి కొన్ని సంవత్సరములు కంప్యూటరు క్రానికల్స్ అను టెలివిజను కార్యక్రమమున స్టూవర్ట్ షెఫేతో కూడ పాల్గొని, ప్రజలకు ఈ విద్యను నింపాదిగా వివరించెను. 1985లో గ్రోలియరు విజ్ఞానసర్వస్వమును ఒక్క కాంపాక్టు డిస్కుపైకి ఎక్కించిన కృషిలోను ఆయన కంపెనీ పాత్ర వహించెను. 1991లో డిజిటల్ రీసెర్చిని నోవెల్ కంపెనీవారు కొనిరి. 1994వ సంవత్సరము జూలై 8వ తేదీన మాంటెరీలో తలకు గాయము తగిలి, 11వ తేదీన ఆయన మరణించెను. అప్పటికి వయస్సు 52 సంవత్సరములు మాత్రమే.

2014లో విద్యుత్తు ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐ.ఇ.ఇ.ఇ. వారు పసిఫిక్ గ్రోవులో, ఆయన పనిచేసిన ఇంటియెదుట స్మారక ఫలకమును నిలిపిరి. ఆయన వ్రాసియుంచిన ఆత్మకథలోని తొలి అధ్యాయములను 2016లో కుటుంబమువారు ప్రజలకు అందజేసిరి.

మనము నేర్చుకొనదగినది

ఇప్పుడు మన బల్లమీది పలక వద్దకు మరల వత్తము. మీరు వాడు ఆర్డుయినో ఊనో పలకలోని ఎ.టి.మెగా328 బిళ్లకు ప్రోగ్రాము దాచుటకు 32 కిలోబైట్లు, విలువలు దాచుటకు 2 కిలోబైట్లు మాత్రమే కలవు. మీరు బొత్తాము నొక్కగనే మీ పెద్ద కంప్యూటరుపైనున్న కంపైలరు, సి++ వాక్యములను ఆ బిళ్ల భాషలోనికి మార్చి, సాధ్యమైనంత చిన్నదిగా చేసి పంపును. ఇది కిల్డాలు నడచిన దారియే. పి.ఎల్./ఎం. స్థానమును కాలక్రమమున బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ కూర్చిన సి భాష ఆక్రమించినను, దారి మారలేదు. మైక్రోపైథాను సంగతి వేరు. దాని వాక్యములను అర్థము చేసికొను ఇంటర్‌ప్రెటరు ఆ బిళ్లలోనే నివసింపవలెను. 2 కిలోబైట్ల ఇంట అది కాపురముండలేదు. ఎక్కువ స్థలముగల బిళ్లయైనయెడల అదియును చక్కని సాధనమే. నేర్చుకొనుటకు సులభము, తప్పులు వెంటనే తెలియును.

కాబట్టి ఏ భాష శ్రేష్ఠమని అడుగుట తగదు. నా యంత్రమున ఎంత స్థలమున్నది, ఈ పని ఎంత వేగముగా జరుగవలెను, రేపు దీనిని దిద్దువాడెవడు, ఈ యంత్రమునకు నమ్మదగిన కంపైలరు కలదా, బిళ్ల మారినయెడల నా పని నిలుచునా అని వరుసగా అడుగవలెను. జవాబులు వచ్చిన పిమ్మట భాష తానే తేలును. కొన్ని పంక్తులు మాత్రము మిక్కిలి వేగముగా జరుగవలసియున్నయెడల, ఆ కొన్ని పంక్తులకే అసెంబ్లీని వాడవలెను. ప్రోగ్రామునంతయు అట్లు వ్రాయబూనుట సూదితో బావి త్రవ్వుటయే.

తల్లిదండ్రులకును మేమొక మాట మనవి చేయుచున్నాము. మన పిల్లల శ్రమను వారికి వచ్చిన బహుమానమును బట్టియే కొలుచుట మన అలవాటు. కిల్డాలు జీవితమును ఆ కొలతతో కొలిచినవారు ఒక్క ఉదయమును మాత్రమే చూచిరి. ఆయన తరగతి గదిని, పరిశోధనను, కంపైలరును, పసిఫిక్ గ్రోవులోని ఆ పాత ఇంటిని వారు చూడలేదు. మన పిల్లవాడొకడు రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట ఆ చిన్న పలకపై దీపమును వెలిగించి ఆర్పునపుడు, దానిని సాధ్యముచేసిన పనిలో ఆ మాంటెరీ ఉపాధ్యాయుని వంతు కూడ కలదు. ప్రదర్శనమున బహుమతి రాని పిల్లవాని బల్లవద్ద కూడ కొంచెముసేపు నిలిచి, వాడు ఏ భాషను ఏల ఎన్నుకొనెనో అడుగవలెనని మా ప్రార్థన.